లిఫ్టులో నలిగిన అర్న్‌ఫిన్

వార్డో ఊళ్ళో మా చేపల ఫ్యాక్టరీకి మరమ్మతులు చేసేదాన్ని నేనే. తలుపు మూస్తే తప్ప సరుకుల లిఫ్టును కదలనివ్వని స్విచ్చి ప్రతి అంతస్తులో ఒకటి ఉంటుంది. ఆ మార్చిలో, కాడ్ చేపలు కుప్పలుగా వచ్చిపడుతున్న వారంలో, రెండో అంతస్తు స్విచ్చి పాడైంది.

"ట్యూరిద్, రాగితీగతో కలిపెయ్. కొత్తది సోమవారం వస్తుంది," అన్నాడు మేనేజరు హాల్వర్డ్.

"తలుపు తెరిచున్నా నడుస్తుందప్పుడు."

"మనవాళ్ళేం పాలుతాగే పిల్లలా?"

కలిపాను.

శుక్రవారం పొద్దున రెండో అంతస్తులో ఆగిన లిఫ్టులో ఒక పెట్టె అడ్డం పడింది. దాన్ని లాగడానికి, పెట్టెలు దించే అర్న్‌ఫిన్ నడుము దాకా లోపలికి వంగాడు. అంతలో పై అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. తెరిచిన తలుపుతోనే లిఫ్టు లేచి, అతన్ని ఎత్తుకుపోయి గుమ్మం పైదూలానికి అదిమేసింది. పక్కటెముకలు విరగడం దూరాన ఉన్న నాకు వినిపించింది. కాళ్ళు ఇవతల గాల్లో తన్నుకుంటున్నాయి.

పరుగెత్తి ఎర్రబటన్ గుద్దాను. లిఫ్టు ఆగింది. హాల్వర్డ్ వచ్చాడు.

"జరుగు, కిందికి దించుతా."

"ముట్టుకోకు. పైన చక్రం చేత్తో తిప్పి దించాలి."

నన్ను గోడకేసి తోశాడు. ఎర్రబటన్ పైకి లాగి, కంగారులో పైకెళ్ళే బటన్ నొక్కాడు. లిఫ్టు ఇంకో బెత్తెడు లేచింది. తుంటి పగిలింది. అర్న్‌ఫిన్ అరుపు మధ్యలో తెగిపోయింది. బూట్ల మీంచి రక్తం కారింది.

చేతిలోని స్పానరుతో హాల్వర్డ్ దవడ మీద కొట్టాను. మళ్ళీ బటన్ వైపు చెయ్యి చాపాడు. మళ్ళీ కొట్టాను. పళ్ళు ఉమ్మి కూలబడ్డాడు. కరెంటు తీసేసి, మోటారు గదికెక్కి, బ్రేకు వదులు చేసి చక్రం తిప్పాను.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు, పట్టుకున్నాం," అంది కింద నుంచి తోటి కార్మికురాలు గన్‌వోర్.

అర్న్‌ఫిన్ బతికాడు. ఎడమకాలు తొడ దాకా తీసేశారు. తీగ సంగతే తెలియదని హాల్వర్డ్ పోలీసులకు రాసిచ్చాడు. తీగ పెట్టింది నేనని, పెట్టమన్నది అతనని, కొట్టింది కూడా నేనేనని చెప్పాను. ఇద్దరి మీదా కేసు పెట్టారు.

నెల తర్వాత ట్రోమ్సో ఆసుపత్రికి వెళ్ళాను.

"తీగ నువ్వే పెట్టావటగా?" అన్నాడు అర్న్‌ఫిన్.

"నేనే."

"నన్ను దించింది?"

"నేనే."

కిటికీ వైపు తిరిగాడు.

"ఇవాళ నీ మొహం చూడలేను ట్యూరిద్. వెళ్ళు. వచ్చే వారం రా."

వెళ్ళాను. మరుసటి వారం మళ్ళీ వస్తే, అప్పుడూ మొహం తిప్పుకున్నాడు. మూడోవారం, నడక నేర్పే గదిలో, నిలబడడానికి నా భుజం పట్టుకోనివ్వమన్నాడు.