నేను చెప్పేదాకా

ఎర్రరంగు కలిపిన నీళ్లను ఆర్వో కోస్కి తొట్టెలోకి వంచుతున్నాడు. గొట్టాల్లో ఎక్కడా బుడగ మిగలకూడదు. ఒక్కో గొట్టాన్నీ వేలి కణుపుతో తట్టి, వెలుతురుకు ఎత్తి చూసి, అనుమానం తీరక మళ్లీ తట్టాడు. బల్ల మీద పడుకున్న రబ్బరు మనిషికి ముఖం లేదు. ఛాతీ ఉండాల్సిన చోట ఒక మూత, దాని కింద రెండు రంధ్రాలు ఉన్నాయి. విద్యార్థులు వాడికి హెరాల్డ్ అని పేరు పెట్టి, ఎనిమిదేళ్లలో మూడు వందల సార్లు చంపారు. కోస్కి మాత్రం వాణ్ణి ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకుంటాడు. 

అరవై మూడేళ్ల మనిషి. పొడగరే గానీ ఆ పొడవంతా మెడ దగ్గర వంగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆపరేషన్ గదిలో ఎత్తు పీట మీద కూర్చుని, తొట్టెలో రక్తం ఎంత ఉందో వంగి చూస్తూ గడిపితే మెడ ఇంకెలా ఉంటుంది? సర్జన్లు గుండెను ఆపి కుట్లు వేస్తున్నంతసేపూ రోగి ఒంట్లో రక్తం తిప్పింది ఈయన యంత్రమే. అప్పుడు తెర మీద గుండె గీత బల్లపరుపుగా సాగుతుంది. ఆ గీతను నమ్మితే ఆ మనిషి లేనట్టే. రోగి నిద్రపోయాక ఈయన లోపలికి వచ్చేవాడు, మెలకువ రాకముందే వెళ్లిపోయేవాడు. అమెరికా ఉత్తరాన ఆ దులూత్ ఊళ్లో ఆయన చేతుల మీదుగా బతికినవాళ్లు సరుకుల దుకాణంలో ఆయన మడమలకు బండి తగిలించి చిరాకుపడతారు. ముఖం గుర్తుపట్టి పక్కకు తప్పుకునేది ఆయనే.

ఇప్పుడు మనిషి ఒంటికి పంపు తగిలించే హక్కు ఆయనకు లేదు. ఏడాదికి నలభై కేసులు చేస్తేనే సర్టిఫికెట్ నిలుస్తుంది. కిందటేడు గుండెనొప్పితో మంచం పట్టాక ఆయన లెక్క ముప్ఫై మూడు దగ్గర ఆగింది. బోర్డువారు మర్యాదగా ఉత్తరం రాశారు. అందులో తప్పేమీ లేదని అందరికీ తనే నచ్చజెప్పాడు. ఆ రాత్రి మాత్రం అన్నం సహించలేదు. ఆ యంత్రం నడపడం నేర్పే బడిలో అంతకుముందు వారానికి రెండ్రోజులే పాఠం చెప్పేవాడు, ఇప్పుడు రోజంతా హెరాల్డ్‌తోనే కాలక్షేపం.

నీళ్లు సరిచూసుకుని, పరీక్ష కాగితం కోసం మెట్లెక్కి ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ ఇరవయ్యేళ్లుగా గుమాస్తాగా ఉన్న ఇర్మా కళ్లజోడు మీదుగా చూసింది.

“మళ్లీ వచ్చావేంటి? ఇందాకే కదా ఇటు నుంచి మెట్లు దిగి నీ గదిలోకి వెళ్లావు.”

తను పొద్దుటి నుంచీ కింద ల్యాబులోనే ఉన్నానన్నాడు కోస్కి.

“ఎడమకాలు ఈడుస్తూ నడిచే మనిషి ఈ భవనంలో ఇంకెవరున్నారు? చప్పుడు విన్నాను, తలుపు పడటం కూడా విన్నాను. అయితే నీ దయ్యం నీకంటే చురుగ్గా ఉంది. జీతం దానికే ఇప్పిస్తాను.”

ఆయన నవ్వలేదు. ఫిన్లాండు నుంచి ఓడెక్కి వచ్చిన నాయనమ్మ ఇలాంటివి మామూలు సంగతులుగా చెప్పేది. మనిషికంటే ముందు వాడి అడుగుల చప్పుడు ఇంటికి చేరుతుందట. వాకిట్లో బూట్లు దులిపిన చప్పుడు విని ఆవిడ కాఫీ పెట్టేది. తాత పావుగంట తర్వాత వచ్చేవాడు. ఆ చప్పుడుకు భయపడకూడదని, వెనకాల వచ్చేవాడికి చోటు చూడటానికే అది వస్తుందని చెప్పేది. చిన్నప్పుడు అది ముచ్చటగా ఉండేది. ఇప్పుడు వీపు మీద చల్లటి చెయ్యి పెట్టినట్టు ఉంది.

కింద పరీక్షగదిగా వాడే ఆ ల్యాబును ఆనుకుని ఆయన కూర్చునే చిన్న గది ఉంది. మధ్యలో అద్దం. అవతలివాళ్లకు అందులో వాళ్ల ముఖమే కనబడుతుంది, ఈయనకు వాళ్లు కనబడతారు. నిన్న బల్ల కిందికి నెట్టి వెళ్లిన కుర్చీ ఇప్పుడు అద్దం వైపు తిరిగి ఉంది. కూర్చుంటే మెత్త వెచ్చగా తగిలింది. ఒకసారి లేచి, వెనక్కి చూసి, మళ్లీ కూర్చున్నాడు.

జోలీన్ బ్యూప్రే సరిగ్గా రెండింటికి వచ్చింది. ఇరవయ్యారేళ్ల పిల్ల, ఇనుపగనుల్లో లారీ నడిపేవాడి కూతురు. మణికట్లు దిట్టంగా ఉంటాయి, గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటుంది. మార్చిలో ఇదే పరీక్ష తప్పింది. కరెంటు పోయినప్పుడు పంపును చేత్తో తిప్పాలి. బాగానే తిప్పింది. గదిలో దీపాలు వెలగగానే హమ్మయ్య అని హ్యాండిల్ వదిలేసింది. దీపాలు వచ్చాయి గానీ పంపుకు కరెంటు రాలేదు. హెరాల్డ్ పోయాడు. ఈసారి కూడా పోతే జోలీన్‌ను బడి నుంచి పంపేస్తారు. బోర్డు పరీక్ష మాట తర్వాత, ఇక యంత్రం దగ్గరికే రానివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఈ పిల్ల చేతులకు యంత్రం తెలుసునని, నమ్మకంగా నిలబడటమే తెలియాలని కోస్కి చాలా రోజులుగా అనుకుంటున్నాడు. ఆమె తప్పితే తనే తప్పినట్టు ఉంటుంది.

“ఎన్ని నిమిషాలు తిప్పాలి కోస్కి గారూ?” అని అడిగింది, నుదుటికి చిన్న దీపం కట్టుకుంటూ.

“అది నాకూ తెలీదనుకో. దీపాలు వస్తాయి, పోతాయి. వెలుతురును నమ్మకు. నేను చెప్పేదాకా వదలకు.”

“మీరు మర్చిపోతే?”

“మర్చిపోతే తిప్పుతూనే ఉండు.”

అద్దం ఇవతలికి వచ్చి మీట దించాడు. పరీక్షగది చీకటైంది. జోలీన్ నుదుటి దీపం గాలించి హ్యాండిల్‌ను పట్టుకుంది. తిప్పడం మొదలైంది. అటు చీకటి కమ్మడంతో అద్దంలో కోస్కికి తన రూపమే కనిపించింది. వంగిన మెడ, నెరిసిన కనుబొమలు, సరిగ్గా ఛాతీ దగ్గర అవతలి దీపం ఊగుతోంది. ఎడమ భుజం బరువెక్కింది. పొద్దున తిన్న ఉప్పుచేప పడలేదనుకున్నాడు.

ముందే అమర్చి పెట్టినట్టు నాలుగో నిమిషంలో గదిలో దీపాలు వాటంతటవే వెలిగాయి. జోలీన్ తలెత్తి చూసింది. భుజాలు ఒక్క క్షణం సడలాయి. చెయ్యి మాత్రం ఆగలేదు. తొట్టెలో మట్టం చూసింది, పంపు మీటరు చూసింది, పెదవి కొరుక్కుని తిప్పుతూనే ఉంది.

కోస్కికి కళ్లు చెమర్చాయి. ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో ఆయనకే గుర్తు రాలేదు. కాగితం మీద ‘ఉత్తీర్ణత’ అన్నచోట గట్టిగా టిక్కు పెట్టి సంతకం చేశాడు. మైకు నొక్కాడు. ఇక పంపు మీట ఎత్తి, కరెంటు వచ్చిందని చెప్పడమే.

చెయ్యి లేవలేదు. నోరు తెరిస్తే మాట బయటికి రాలేదు. దీపాలు వచ్చాక అద్దంలో ఆయన రూపం చెరిగిపోవాలి. చెరగలేదు. అది అక్కడే కూర్చుని, చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్న మనిషిలా ఈయన్నే చూస్తోంది. భయం వేసింది, తర్వాత ఆ భయమూ తగ్గింది. హ్యాండిల్ చప్పుడు ఒక్కటే మిగిలింది. ఒకే వేగంతో, ఎక్కడా తడబడకుండా తిరుగుతోంది. బాగా తిప్పుతోంది పిల్ల అనుకున్నాడు. ఆయన ఊపిరి కాసేపు ఆ చప్పుడుతో కలిసి నడిచింది.

ఫోను ఎంతకీ తీయడం లేదని ఇర్మా కిందికి వచ్చేసరికి మూడు దాటింది. చిన్న గదిలోకి వెళ్లి, ఆయన మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. నాడి అందలేదు. చప్పుడు ఇంకా వినిపిస్తోంది. అద్దంలోంచి చూస్తే జోలీన్ తిప్పుతోంది. ఇర్మా అంబులెన్సుకు ఫోను చేసి పరీక్షగదిలోకి పరుగెత్తింది. ఆ పిల్ల చొక్కా వీపుకు అంటుకుపోయింది. అరచేతి చర్మం లేచి, హ్యాండిల్ మీద కారింది రంగునీళ్లు కావు.

“చాలమ్మా. వదిలెయ్.”

జోలీన్ తల తిప్పలేదు.

“కోస్కి గారు చెప్పారా?”

 ఇర్మా మళ్లీ చిన్న గదిలోకి వచ్చింది. ఆయన ఒడి మీదుగా వంగి, మీట ఎత్తి, మైకు దగ్గర నోరు పెట్టి, “కరెంటు వచ్చింది” అంది. పంపు తనంతట తాను తిరగడం చూసుకున్నాకే జోలీన్ వేళ్లు విప్పింది.

ఇర్మా చేతికి కట్టు కడుతుంటే జోలీన్ చెప్పింది. ఒక దశలో భుజం పడిపోయిందని, వదిలేద్దామనుకున్నానని, కానీ స్పీకర్లో ఆయన ఊపిరి చివరిదాకా దగ్గరగా వినబడుతూనే ఉందని, ఆయన చూస్తున్నారు కదా అని తిప్పానని. రెండున్నరకు ముందే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు అన్న మాట ఇర్మా ఆమెకు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ చిన్న గదిలోకి ఒంటరిగా వెళ్లడం కూడా మానేసింది.

కాగితాన్ని ఎవరూ దిద్దలేదు. జోలీన్ బ్యూప్రే ఫైలులో అది ఇప్పటికీ ఉంది. టిక్కు ఉంది, సంతకం ఉంది, పరీక్ష మొదలైన సమయం రెండూ పది అని రాసి ఉంది, ముగిసిన సమయం గడి ఖాళీగా ఉంది.