మిల్లు నాట్యం

అస్లౌగ్ పెనం మీద రొట్టె తిప్పుతుండగా ఒక పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, చంకలో గీతల పుస్తకం. పేరు హోల్మ్. టెలెమార్క్ లోయలోని ఫిడేలు పాటలన్నీ స్వరాలతో సహా రాసుకుపోవడానికి క్రిస్టియానియా నగరం నుంచి గుర్రం మీద వచ్చాడు. అది 1853 వసంతం. మంచు అప్పుడప్పుడే కరుగుతోంది.

"తార్యే ఇల్లు ఇదేనా అమ్మా? వాళ్ల తాత కట్టిన మిల్లు నాట్యం పాట ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదటగా!"

పొయ్యి పక్కన ఉన్ని వడుకుతున్న అత్తగారు గ్రో పక్కున నవ్వింది. "ఏడాది ఆలస్యంగా వచ్చావు నాయనా. ఆ ఫిడేలు మా కోడలికి వంటచెరుకైంది. ఆ పూట గంజి కూడా మాడింది."

"ఊరుకోవే అమ్మా," అన్నాడు అస్లౌగ్ మొగుడు తార్యే.

నిరుడు చలికాలంలో వాళ్ల నాలుగేళ్ల కూతురు మార్గిట్ జ్వరంతో పోయింది. ఆ వారమే ఊళ్లు తిరిగే మతబోధకుడొకడు వచ్చి, ఫిడేలు సైతాను వాయిద్యమన్నాడు. లోయలో అప్పటికే చాలా ఫిడేళ్లు కాలిపోయాయి. అస్లౌగ్ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు, "అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అంది. తార్యే "సరే" అన్నాడు. తీగలు ఒక్కొక్కటే వదులు చేసి, ముత్యపు చిప్ప పొదిగిన మెడ ఒకసారి నిమిరి, తన చేత్తోనే పొయ్యిలో పెట్టాడు. ఆ బూడిదను ఆమె ఎప్పటిలాగే తొట్టిలో నానేసి, ఆ తేటతో బట్టలు ఉతికింది. బట్టలు ఎప్పటిలాగే తెల్లగా వచ్చాయి. ఆ సంగతే ఆమెకు ఇప్పటికీ మింగుడు పడదు.

"పోనీ, నోటితో పాడినా రాసుకుంటాను," అన్నాడు హోల్మ్.

"ఫిడేలుకి పైన నాలుగు తీగలు, కింద మోగేవి నాలుగు. నాకున్నది ఒక్క నోరు కదయ్యా. నాకు చేతులతోనే తెలుసు."

"పక్క ఊరి నుంచి ఫిడేలు తెప్పిస్తాను."

"ఇక ముట్టనని మాటిచ్చాను." ఎవరికిచ్చాడో చెప్పలేదు. ఆమె వైపు చూడనూ లేదు.

అస్లౌగ్ పిండి చేతులు గౌనుకు తుడుచుకుంది. "నాకొచ్చు. పదేళ్లు విన్నాను."

"తగలబెట్టిన చేత్తోనే దీపం పెడుతుందిట!" అంది గ్రో.

మాటలేవీ లేకుండా, స్వరం మాత్రమే అస్లౌగ్ ఎత్తుకుంది. కాసేపటికి తార్యే కుడికాలు నేలను తట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఆ ఇంట్లో వినబడి ఏడాదైంది. ఆమె గొంతు లేచింది. అంతలో కాలు తడబడింది, ఆగింది. ఆ కాలు మళ్లీ ఒకసారి తట్టి, ఇక ఆగిపోయింది. పుస్తకంలో తల దూర్చిన హోల్మ్ ఇదేమీ గమనించలేదు. రాసుకున్నాడు, పైన తాత పేరు పెట్టాడు, రొట్టె, పులిసిన పాలు తీసుకుని దణ్ణం పెట్టి బయల్దేరాడు.

"కాలెందుకు ఆపావు?" అంది అస్లౌగ్.

"నొప్పి."

"నీకు అబద్ధం చెప్పడం కూడా రాదు."

"నన్నడగవే," అంది గ్రో. "మా మామ వాయిస్తే పాలచెంబు వదిలేసి ఎగిరేవాళ్లం. నీ పాటకి నాకు నిద్రొచ్చింది."

తార్యే అన్నాడు. "ఆ నాట్యానికి తాళంలో మూడు దెబ్బలు, మొదటిది పొడుగు, చివరిది పొట్టి. నువ్వు మూడూ సమానం చేసేశావు. పాపని ఊపుతూ అలాగే పాడేదానివి కదా. చివరి భాగం నీకసలు తెలీదు. అక్కడికొచ్చేసరికి అది నిద్రపోయేది."

"మరి ఆయనకి చెప్పవేం?"

"నువ్వు పాడుతుంటే ఎలా ఆపను?"

అస్లౌగ్ పరుగెత్తింది. వంతెన దగ్గర గుర్రాన్ని అందుకుంది.

"రాసింది కొట్టెయ్యండయ్యా. తప్పు పాడాను."

"ఫరవాలేదమ్మా, సరిగ్గా పాడండి, దిద్దుకుంటాను."

ఆమె నోరు తెరిచింది. ఊయల తూగే వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. కింద ఏరు హోరెత్తుతోంది. మూడోసారి గొంతే రాలేదు.

"తాతగారి పేరు తీసెయ్యండి. ఆయన కట్టింది ఇది కాదు. మార్గిట్ జోల అని రాయండి."

"మార్గిట్ ఎవరు?"

"మా అమ్మాయి."

హోల్మ్ జీను మీదే పుస్తకం తెరిచి, ఒక గీత గీసి, ఆ మాట రాశాడు.

ఆమె తిరిగొచ్చేసరికి తార్యే పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"మీ తాత పేరు కొట్టించేశాను," అంది.

తిడతాడేమోనని నిలబడింది. తిట్టినా బాగుండుననుకుంది. అతను ఇంకో దుంగ నిలబెట్టాడు.

"సరే," అన్నాడు.

నిరుడూ అంతే అన్నాడు.