ఎవరూ తరిమేయని ఊరు

తడి ఉన్ని వాసన... మాడిన కాఫీ వాసన.

జైలు గ్రంథాలయంలో గురువారం మధ్యాహ్నాలు ఇలాగే ఉంటాయి. గుండ్రంగా ఏడు కుర్చీలు. ఏడుగురు ఆడవాళ్లు. వాళ్లకు పుస్తకాలిచ్చేదాన్ని నేను.

ఆ నెల రెండు నవలలు చదివాం.

ఒకదానిలో ఊరంతా కలిసి ఒక స్త్రీని ఏటి అవతలికి తరిమేస్తుంది. రెండోదానిలో తప్పు చేసిన మనిషిని ఊరు వెనక్కి రానిస్తుంది — గది ఇస్తుంది, రొట్టె పెడుతుంది. అతనితో మాట మాత్రం ఆడదు.

ఏ ఊరు వేసింది పెద్ద శిక్ష, అని అడిగాను.

మొదటిదే, అన్నారందరూ.

తైమి ఒక్కతే కాదంది. ఎప్పుడూ నోరు విప్పని తైమి. రెండేళ్ల కిందట తాగి కారు నడిపి, పక్కింటి అమ్మాయిని చంపిన తైమి.

"తరిమేవాళ్లు మన మొహమైనా చూస్తారు కదా," అంది.

ఏప్రిల్‌లో తైమి వాళ్లమ్మ పోయింది. అంత్యక్రియలకు జైలువాళ్లు ఒక్క రోజు సెలవిచ్చారు. వాళ్ల ఊరికి బస్సు లేదు. నా కారులో తీసుకెళ్లాను.

దారిలో సరస్సు మీద మంచు నల్లబడి, పగుళ్లిస్తోంది.

సమాధి దగ్గర అందరూ తైమితో చేయి కలిపారు. చర్చి హాల్లో కాఫీ ఇచ్చారు. యాలకుల రొట్టె ఇచ్చారు. వచ్చావా, మంచిది, అన్నారు — తైమి చెల్లెలు హిల్కా కూడా అంతే అంది. అని, పక్కకు జరిగారు.

ఒక్కొక్కరూ.

మర్యాదగా.

ఎవరో పలకరిస్తే నేనూ తైమిని వదిలి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాను... ఎందుకు వెళ్లానో.

అప్పుడు ఓర్వొక్కి లేచింది. చనిపోయిన అమ్మాయి తల్లి. నేరుగా వచ్చి తైమి ఎదురుగా నిలబడింది. చాలాసేపు చూసింది.

"తైమీ, నువ్వు రాకుండా ఉండాల్సింది."

"అవును," అంది తైమి.

"మీ అమ్మ మా ఐలాకి ఏటేటా మేజోళ్లు అల్లేది."

"తెలుసు."

అంతే. ఓర్వొక్కి కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

దారి బాగోలేదు, పెందలాడే బయలుదేరితే మంచిదని హిల్కా చెప్పింది. అక్కతో కాదు — నాతో.

కారులో చాలా దూరం వచ్చాం. తర్వాత తైమి ఏడ్చింది. చప్పుడు లేకుండా, భుజాలతో.

"ఓర్వొక్కి నన్ను పేరు పెట్టి పిలిచింది," అంది.

వెనక్కి తిప్పనా, అని అడగబోయాను.

తిప్పితే ఏ ఇంటి ముందు ఆపాలి...

నడుపుతూనే ఉన్నాను.