లోపలివైపు ఇస్త్రీ

బొగ్గుల మీది బూడిదను ఊది, ఎల్లస్వామి ఇస్త్రీపెట్టె మూత వేశాడు. అడుగును తడిగుడ్డకు తాకించాడు. సుయ్‌మంది. మూటలోంచి ఒక లుంగీ తీసి తిరగేసి, కుట్టు పైకి వచ్చేలా బల్ల మీద పరిచాడు.

ఆత్మకూరు బస్టాండు పక్క సందులో అతని ఇస్త్రీ బండి ఏళ్లుగా ఉంది. బరువు మోసీ మోసీ అతని కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి జారింది. ముంజేతుల మీద పెట్టె అంచు కాల్చిన నల్లటి గీతలు. అరచెయ్యి చింతబెరడులా ఉంటుంది. అయినా గుడ్డ మీద ఆనిస్తే ముడత ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. ఈమధ్య ఎడమ భుజం కూడా గుంజుతోంది. పెట్టె బరువేలే అనుకుని, రుద్దుకుని, మళ్లీ పనిలో పడతాడు.

ఇస్త్రీ అంటే పైకి కనబడాలి. నిరుటి నుంచి మాత్రం అతను కొందరి బట్టలకు ఎవరికీ కనబడని లోపలివైపు చేస్తున్నాడు.

ఊరికి తామర పట్టుకుంది. మందు పూస్తే తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే చర్మం డాక్టరు ప్రణీత ఒకసారి రోగులనే కూర్చోబెట్టి, డాక్టర్లు ఏం కనిపెడితే మీకు మేలని అడిగింది. వాళ్లలోంచి ఎల్లస్వామి భార్య బాలనర్సమ్మ లేచి, "మందు ఒంటికి పూస్తున్నం. మరి బట్టల్ల ఉన్నదాని సంగతేంది?" అంది.

ఆ ప్రశ్న వేరే ఊళ్ల దవాఖానలకు కూడా పోయింది. అక్కడి డాక్టర్లంతా ఫోన్లలో మాట్లాడుకుని, ఇస్త్రీ వేడికి బట్టల్లోని తామర చస్తుందా అని అన్ని చోట్లా ఒకే తీరుగా పరీక్ష చేసి, చివరకు లెక్కలు కలుపుదామనుకున్నారు. ఏ మందుల కంపెనీ కూడా ఖర్చు పెట్టడానికి ముందుకు రాలేదు. "బొగ్గులతోని వాళ్లకేం లాభం? మనమే చేసుకోవాలె" అంది ప్రణీత.

మందు అందరికీ ఒకటే. సగం మంది బట్టలకు లోపలివైపు ఇస్త్రీ, తక్కినవాళ్లవి ఉతికి ఆరేయడమే. ఎవరు ఎటన్నది చీటీలు తేల్చాయి. బాలనర్సమ్మకు ఇస్త్రీ చీటీ రాలేదు.

ఎదురుగా చాయ్ కొట్టు కురుమయ్యకు అది రోజూ నవ్వులాటే.

"ఊరోళ్ల లుంగీలకు ఇస్త్రీ, పెండ్లాం లంగాకు లేకపాయె. గిదేం న్యాయం బావా?"

"చీటీ న్యాయం."

"రెండు గీకులు గీకితే ఎవడు చూస్తడు?"

"నువ్వు చూస్తలేవా పొద్దుమాపు? చాయ్ పొంగుతాంది, గది చూస్కో."

రాత్రుళ్లు పక్క మంచంలో ఆమె నడుము గీరుకోవడం ఎల్లస్వామికి వినబడేది. లంగా బొందు కట్టే చోట చుట్టూ నల్లగా పట్టింది. వేడి తగిలితే తామర చస్తుందని అతని నమ్మకం. ఒకనాడు ఆగలేక, దండెం మీది ఆకుపచ్చ లంగా తీసి చంకలో పెట్టుకున్నాడు. బాలనర్సమ్మ వచ్చి లాక్కుంది.

"అడిగింది నేను. జవాబును నేనే ఖరాబు చెయ్యాల్నా?"

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇవాళ ఆఖరి పరీక్ష. మధ్యాహ్నం బండి మీద గోనెపట్టా కప్పి, ఇద్దరూ దవాఖానకు పోయారు. ప్రణీత లైటు వేసి మచ్చ చూసింది. పూర్తిగా పోలేదు.

"ఒక్కసారన్నా ఇస్త్రీ చేయించుకున్నవా అమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు."

బాలనర్సమ్మ మెడ నిటారుగా పెట్టింది. "ఇస్త్రీ చేసేటోని ఇంట్ల ఉన్న. అయినా నా గుడ్డ ఒక్కటి ఆ బల్ల ఎక్కలే."

ఇంకో ఊళ్లో ఇస్త్రీ చేసే మనిషి జాలిపడి అందరి బట్టలూ చేశాడని, అక్కడి లెక్క పనికిరాకుండా పోయిందని ప్రణీత చెప్పింది. "మీ ఊరిది నిలబడ్డది. అన్నీ కలిపినంక జవాబు వస్తది. అందుల మీరున్నరు."

చేతులు వెనక్కి కట్టుకుని విన్న ఎల్లస్వామి అడిగింది ఒక్కటే.

"ఇగ ఈమెవి చెయ్యొచ్చా అమ్మా?"

"ఇయ్యాల్టి నుంచి మీ ఇష్టం పెద్దాయనా."

ఎప్పుడూ రెండడుగులు వెనక నడిచే బాలనర్సమ్మ వచ్చేటప్పుడు ముందు నడిచింది. కురుమయ్య కొట్టు ముందు ఆగింది.

"రెండు చాయ్ పొయ్యి. మన ఊరి లెక్క నిలబడ్డదట."

"ఏం లెక్క అక్కా?"

"రెండు గీకుల లెక్క. శక్కర జర ఎక్కువెయ్యి."

కురుమయ్య నవ్వాడు. ఆ చాయ్‌కి పైసలు తీసుకోలేదు.

పొద్దు గూకే వేళ ఎల్లస్వామి మళ్లీ బొగ్గులు రాజేశాడు. బాలనర్సమ్మ ఇంటి నుంచి ఆకుపచ్చ లంగా తెచ్చి బల్ల మీద పెట్టి, పొయ్యి మీద అన్నం ఉందని వెనక్కి పోయింది. అతను దాన్ని తిరగేశాడు. బొందు దూర్చే పట్టీని వేలితో సాపు చేసి, దాని మీదుగా పెట్టెను మెల్లగా నడిపాడు. మళ్లీ నడిపాడు. పెళ్లిబట్టలకు కూడా అంత సేపు పట్టలేదు ఎన్నడూ. మడత పెట్టి, పెట్టెను పక్కన నిలబెట్టి, ఎడమ భుజం పట్టుకుని బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

"బావా, ఇంకో చాయ్ పొయ్యాల్నా?" కురుమయ్య కేకేశాడు. ఎల్లస్వామి తల ఎత్తలేదు. గ్లాసు పట్టుకుని తనే వచ్చి, వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు. గ్లాసు కింద పెట్టేశాడు.

కబురు అందగానే అన్నం దించి బాలనర్సమ్మ పరుగున వచ్చింది. అతని చెయ్యి తీసి తన నడుముకు ఆనించుకుని కూర్చుంది. తర్వాత నలుగురూ కలిసి అతన్ని ఇంటికి మోసుకుపోయారు. బండి దగ్గర ఎవరూ మిగల్లేదు.

బల్ల మీద ఆకుపచ్చ లంగా, కుట్లు పైకి, నాలుగు మడతల్లో ఇంకా వెచ్చగా ఉంది.