చప్పుడు లేని ఫిల్టర్

"ఇది చప్పుడు చేస్తుందా?" అని అడిగాను.

చేపల కొట్టాయన అరచేతిలోని స్పాంజి ఫిల్టర్‌ని నాకేసి ఇంకాస్త చాచాడు. "ఏమీ చెయ్యదమ్మా. గాలి పంపు సన్నగా గుయ్‌మంటుంది. దాన్ని మడతపెట్టిన గుడ్డ మీద పెడితే అదీ వినపడదు. ఇంట్లో ఉన్నట్టే తెలీదు."

"అయితే అదొద్దు."

ఆయన తెల్లబోయాడు. కొట్టుకొచ్చే వాళ్ళందరూ చప్పుడు లేనిదే కావాలంటారట. నాకు మాత్రం తొట్టి వెనక తగిలించే రకం నచ్చింది. కొట్లో పెద్ద తొట్టికి అలాంటిది పెట్టి ఉంది. నీళ్ళు పైకి లాగి జలజలా ధారగా దూకిస్తోంది. వీధిలోకే వినపడింది.

"బెట్టా చేపకి అది పనికిరాదమ్మా. ఇది నిలవనీళ్ళ జాతి. ఆ రెక్కలేసుకుని అంత ధారలో ఈదలేదు. గాలి పీల్చుకోడానికి మాటిమాటికీ పైకి రావాలి కూడా."

"చేపపిల్లకి ఈత నేర్పాలా ఏమిటండీ?" అన్నాను. నోట్లో ఒక సామెత ఉంటే ఇక ఎవరి మాటా నా చెవికెక్కదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ ధార ఫిల్టరే పట్టుకొచ్చాను.

అంత పట్టుదల ఎందుకో ఆయనకి చెప్పలేదు. కొట్లో నిలబడి చెప్పుకునే సంగతా అది? నేను బట్టల కర్మాగారంలో కాజాలు కుడతాను. పగలంతా మిషన్ల రొద. సాయంత్రం ఇంటికొస్తే అక్క రొద ఉండేది. ఇద్దరం ఒకే వాటాలో ఉండేవాళ్ళం. అక్క నోట్లో నువ్వుగింజ నానేది కాదు. కూర తరుగుతూ మాట్లాడేది, స్నానాల గదిలోంచి మాట్లాడేది, నిద్రలో కూడా ఎవరినో ఆడిపోసుకునేది. పోయిన చలికాలం ఆవిడ గుండె ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పటినుంచి తాళం తీస్తుంటేనే నాకు దిగులు పట్టుకుంటుంది. గిన్నె కింద పెడితే ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడతాను. రేడియో పెట్టి చూశాను. అందులో వాళ్ళు ఊరందరితో మాట్లాడతారు గానీ నాతో కాదు. "ఇంట్లో ఒక ప్రాణిని తెచ్చుకోవే" అని పక్క మిషనామె అంటే ఈ ఎర్రచేపని తెచ్చుకున్నాను. పొడుగాటి తోకని శాలువాలా ఈడ్చుకుంటూ తిరుగుతాడని దొర అని పేరు పెట్టాను. దొర మంచివాడే, కానీ మూగవాడు. ఆ లోటు ఫిల్టర్‌తో తీర్చుకోవాలనుకున్నాను.

ధార మొదలవగానే మళ్ళీ ఇల్లు ఇల్లయింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడే ఎవరో తలుపు తట్టారు. తీస్తే టైపు బాబాయిగారు. పక్క వాటాలో ఒక్కరే ఉంటారు. ఒకప్పుడు టైపు నేర్పేవారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆయన వాటాకీ నా వాటాకీ మధ్య ఉన్నది పలచటి గోడ ఒక్కటే.

"అమ్మాయ్, కుళాయి కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నావు."

"కుళాయి కాదండీ, చేప."

"చేప ఇంత గోల చేస్తుందా?"

"మా చేప చేస్తుందండీ," అని తలుపు వేసేశాను. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళకి ఇంట్లో ఒక చప్పుడు పుడితే దాని మీదా కన్ను పడాలా!

దొర మాత్రం రోజురోజుకీ డీలాపడ్డాడు. మేత గింజ వేస్తే వాడు అందుకునేలోపు ధార దాన్ని అడుక్కి తొక్కేసేది. గాలికోసం పైకి వస్తే వాణ్ణి నెట్టి అద్దానికి కొట్టేది. చివరికి ఆకు వెనక నక్కి కదలడం మానేశాడు. శాలువా అంచులు పీలికలయ్యాయి. కుట్టుపని చేసేదాన్ని, అంచు చిరిగితే గుడ్డ గతేమిటో నాకొకరు చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం ప్లగ్గు పీకి చూశాను. ధార ఆగింది. దొర మెల్లగా ఆకు వెనకనుంచి వచ్చి, పైకి వెళ్ళి, ఒక గుక్క గాలి మింగాడు. తీరిగ్గా తొట్టంతా ఒక చుట్టు చుట్టాడు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దంలో ఊపిరాడలేదు. మళ్ళీ ప్లగ్గు పెట్టాను. వాడు మళ్ళీ ఆకు వెనక్కి పోయాడు. ఆ చప్పుడు ఉంటే వాడు బతకడు, లేకపోతే నేను ఉండలేను. చేపని నీళ్ళలో ముంచి చంపుతున్నదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఏడుపొచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, కొట్టుకి వెళ్ళాను.

కొట్టాయన దెప్పిపొడవలేదు, అది ఆయన మంచితనం. ఆ స్పాంజి ఫిల్టర్‌నే తీసి నా చేతిలో పెట్టాడు. "ఈ గొట్టానికి చిన్న మర ఉంది చూశారా? బుడగలు ఒకటొకటిగా వచ్చేదాకా తిప్పండి. పాతదాంట్లో దూది పారెయ్యకండి, కొన్నాళ్ళు తొట్లోనే ఉంచండి. నీళ్ళని బాగుచేసే మంచి క్రిములు ఆ మురికిలోనే ఉంటాయి," అన్నాడు.

అలాగే చేశాను. స్పాంజి లోంచి బుడగలు నోరెత్తకుండా పైకి వెళ్ళేవి. దొర గింజలు అందుకుంటున్నాడు, శాలువా అంచున కొత్త పొర వస్తోంది. వాడు కోలుకున్నాడు. నేను మాత్రం ఇంటికి వెళ్ళబుద్ధి కాక, పని అయిపోయాక కూడా మిషను తుడుస్తూ కూర్చునేదాన్ని.

అలా ఉండగా ఒక సాయంత్రం మళ్ళీ టైపు బాబాయిగారు తలుపు తట్టారు. నేను యుద్ధానికి సిద్ధంగానే తీశాను. "ఇప్పుడు చప్పుడే లేదు కదండీ, ఇంకేమిటి?"

"అదే అడుగుదామని వచ్చానమ్మా. చేపకి ఏమన్నా అయిందా?"

"బాగానే ఉందండీ. ఫిల్టర్ మార్చాను."

"మంచిది," అన్నారు గానీ కదల్లేదు. గడప కేసి చూస్తూ నిలబడ్డారు. "మొదట విసుగేసిన మాట నిజమే. తర్వాత గోడ దగ్గరికి కుర్చీ జరుపుకున్నాను. హాలు నిండా టైపు మిషన్ల మధ్య బతికినవాణ్ణి కదా. ఇప్పుడు గోడ అవతల కూడా ఎవరూ లేనట్టుందమ్మా."

గోడలకు చెవులుంటాయంటారు. ఆ చెవి పక్కన ఒక కుర్చీ కూడా ఉంటుందని నేననుకోలేదు.

లోపలికి వెళ్ళి పాత ఫిల్టర్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. "దీనికి చేప అక్కర్లేదు బాబాయిగారూ. బకెట్ అంచుకి తగిలించి నిండా నీళ్ళు పొయ్యండి. నీళ్ళు తగ్గనివ్వకండి, మోటారు కాలిపోతుంది."

ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "గోడ పక్కన పెట్టుకోనా?"

తల ఊపాను.

తలుపు వేసి, నా కుర్చీ కూడా గోడ దగ్గరికి జరుపుకున్నాను. తొట్లో దొర శాలువా పరుచుకుని నిలబడ్డాడు. అవతల బకెట్ నిండుతున్న చప్పుడు, ఏదో వెతుక్కుంటున్న చప్పుడు. చాలాసేపటికి ధార మొదలైంది. గోడ దాటి వచ్చేసరికి సన్నగా, లీలగా వినపడింది.

"ఇంకాస్త ఇటు జరపండి బాబాయిగారూ!" అని గోడకేసి అరిచాను. అక్క పోయాక ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు.

అవతల బకెట్ గరగరమంటూ గోడ దగ్గరికి జరిగింది.