అమ్మమ్మ గొంతు ఎవరిది?

మా పంతులమ్మ లెనోరా డేజెన్ చేతిలోంచి డైరెక్టర్ సుద్దముక్క లాక్కోవడం మేం పద్నాలుగు మందిమీ కళ్లారా చూశాం.

మంగళవారం పొద్దున, అమెరికాలో మా అపాచీ తెగ నడిపే కాలేజీలో మా భాష క్లాసు. ఆమెకు డెబ్బై మూడేళ్లు. బోర్డు మీద ఒక లోయ పేరు రాస్తోంది. మా చోట్ల పేర్లు ఒక్కోటి ఒక్కో వాక్యం. ఆ లోయ పేరుకి అర్థం ‘రెండు బండల మధ్య నీళ్లు వంగి పారే చోటు’. సగం రాసిందో లేదో, డైరెక్టర్ వార్డ్‌లా తలుపు తోసుకుని వచ్చాడు. ఈ ఏడే నగరం నుంచి దిగినవాడు. వెనకాల గార్డు డ్రస్సులో డ్వేన్. లెనోరాకి చెల్లెలి మనవడు.

“డిగ్రీ లేనివాళ్లు పాఠం చెప్పకూడదు. రూలు. రేపట్నుంచి ఈ పాఠాలు కంప్యూటర్ చెబుతుంది” అన్నాడు వార్డ్‌లా. డ్వేన్‌కి సైగ చేశాడు.

డ్వేన్ చెయ్యి చాచాడు గానీ ముట్టుకోలేకపోయాడు.

“ఏరా, మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా?” అని అడిగింది లెనోరా.

“తగ్గింది అమ్మమ్మా.”

వార్డ్‌లా తనే ముందుకొచ్చి సుద్దముక్క లాక్కున్నాడు. ఆమె బోర్డుకి అంటుకున్న సుద్దపొడి మీద వేలితోనే మిగతా సగం పేరు పూర్తి చేసింది. అప్పుడు అతని వైపు తిరిగింది.

“ఆరేళ్లప్పుడు తెల్లవాళ్ల బోర్డింగ్ స్కూల్లో ఈ భాషలో నీళ్లడిగానని నోట్లో సబ్బు కుక్కారు. ఇప్పుడు నేర్పుతుంటే కాగితం ఏదీ అంటున్నారు. మాలో మీకు ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువే నాయనా.”

మేం నోళ్లు తెరుచుకుని కూర్చున్నాం. ఒక్కరమూ లేవలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

మర్నాడు కంప్యూటర్ల గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీట నొక్కితే వినిపించింది లెనోరా గొంతే! రెండు చలికాలాలు బయటి కంపెనీవాళ్లు ఆమె ఇంటికొచ్చి మాటలు రికార్డు చేసుకుపోయారు. పిల్లల కోసమే కదా అని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఇప్పుడు తెర అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఈ గొంతు కంపెనీ ఆస్తి, అనుమతి లేకుండా వాడరాదు.

మా అందరిలో చిన్నది ఇలీన్ కోసే. అది ఒక మాట తప్పు పలికింది. యంత్రం “మళ్లీ ప్రయత్నించండి” అంది. మళ్లీ పలికితే మళ్లీ అదే. ఇలీన్ చెవులకున్నది పీకి బల్ల మీద విసిరికొట్టింది.

“మనిషిని బయటికి గెంటి గొంతు మాత్రం దాచుకున్నారు, దొంగ సచ్చినోళ్లు!”

లెనోరా సంగతి తేల్చుకోవడానికి శుక్రవారం సాయంత్రం అడవిమంటలు ఆర్పే జట్టు షెడ్డులో మీటింగు పెట్టాం. ఓక్ గింజల పిండి కలిపిన మాంసం పులుసు, రొట్టెలు తెచ్చాం. నలభై మంది దాకా వచ్చారు. జట్టు మేస్త్రీ వెర్డెల్ ఆల్టాహా మొదట్నుంచీ అడ్డమే.

“కలప మిల్లు మూసినప్పుడు మీ కాలేజీ ఎక్కడుంది? ఇప్పుడొచ్చి మమ్మల్ని తోడు రమ్మంటారేం? భాష కూడు పెడుతుందా?”

“మిల్లు మూసినప్పుడు నేనూ రోడ్డున పడ్డా వెర్డెల్” అన్నాను. “ముందు చెట్లు పట్టుకుపోయారు. తర్వాత పని పట్టుకుపోయారు. ఇప్పుడు నోట్లో మాట కూడా పోతుంటే ఆ నోరెందుకు మనకి?”

“పులుసు తాగడానికి!” అని ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. వెర్డెల్ నవ్వలేదు.

తెగ కౌన్సిల్‌కి అర్జీ పెడదామన్నారు కొందరు. “ఇదివరకు వేరేవాటికి మూడు పెట్టాం, ఏ సొరుగులో పడుకున్నాయో” అంది ఇలీన్. గోల పెరిగింది. అప్పుడు లేచాడు హార్లన్ క్వే. పాతకాలం మంటల జట్టువాడు, ఎడమ చెవి సగం కాలిపోయినవాడు.

“వెర్డెల్, నువ్వు పసివాడిగా ఉన్నప్పుడు మమ్మల్ని మంట మూడు వైపులా చుట్టేసింది. మ్యాపులో పక్క లోయకి నంబరు తప్ప పేరు లేదు. రేడియోలో మీ నాన్న మన భాషలో అరిచాడు, రెండు బండల మధ్య నీళ్లు వంగి పారే చోటికి పరిగెత్తండ్రా అని. ఆ పేరులోనే నీళ్లున్నాయి. తొమ్మిది మందిమి బతికాం. రేపు నీ రేడియోలో ఎవరైనా అలా అరిస్తే నీకు అర్థమవుతుందా?”

వెర్డెల్ చేతిలో గిన్నె కింద పెట్టాడు.

“అర్థం కాదు” అన్నాడు.

మూలన కూర్చున్న లెనోరా అప్పుడు నోరు విప్పింది. “గది వాళ్లది కావచ్చు. నాకు కుర్చీ చాలు. సోమవారం కాలేజీ మెట్ల మీద పాఠం చెబుతా. వచ్చేవాళ్లు రండి.”

సోమవారం పద్నాలుగు కుర్చీలు వేశాం. పది గంటలకి అరవై మందయ్యాం. లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లు, మిల్లు పోయినవాళ్లు, చంటిపిల్లల తల్లులు. లెనోరా మాట చెబుతోంది, మేం ఒక్క గొంతుతో అంటున్నాం. మెట్లు దద్దరిల్లుతున్నాయి. వార్డ్‌లా కిటికీలోంచి రెండుసార్లు చూసి ఫోను తీశాడు.

పోలీసు వ్యాను వచ్చింది. దిగిన పోలీసు కుర్రాడు మా తెగవాడే, గారిక్.

“అమ్మమ్మా, లేవండి. అక్రమంగా చొరబడ్డారని కంప్లయింటు. నా ఉద్యోగం మీదికి తేకండి.”

“నీ ఉద్యోగం నువ్వు చెయ్ నాయనా. నా ఉద్యోగం నన్ను చెయ్యనీ” అని మా వైపు తిరిగి ఇంకో మాట చెప్పింది. మేం అన్నాం. గారిక్ ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. తనే నడిచి వ్యాను ఎక్కింది. డ్వేన్ గేటు దగ్గర నేల చూస్తూ నిలబడ్డాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

ఈసారి మేం కూర్చోలేదు. అరవై మందిమీ వ్యాను చుట్టూ చేరాం.

“మీరూ వస్తారా? అయితే పేర్లు చెప్పండి” అని గారిక్ పుస్తకం తీశాడు. బెదిరిస్తే చెదిరిపోతామనుకున్నాడు.

ఇలీన్ ముందుకెళ్లి మా పద్ధతిలో చెప్పింది. మొదట తల్లి వంశం, తర్వాత తండ్రి వంశం, చివర పేరు. అంతా అపాచీలోనే.

“ఇంగ్లీషులో చెప్పవే.”

“ఇదే నా పేరు. రాసుకో.”

గారిక్‌కి రాయడం రాలేదు. పెన్ను గాల్లో ఆగిపోయింది. ఇలీన్ వ్యాను ఎక్కింది. తర్వాత నేను చెప్పాను. చిన్నప్పుడు మా అమ్మ చెప్పించిన మాటలే, మిల్లులో ఇరవై ఏళ్లు నోట రానివి, ఒక్కటీ తడబడకుండా వచ్చాయి. ఇలీన్ వెనకే ఎక్కాను.

వ్యానులో ఏడుగురం అయ్యాం. అప్పుడు రోడ్డు మీద బూట్ల చప్పుడు. మంటల జట్టు పసుపు చొక్కాలతో వస్తోంది, ముందు వెర్డెల్. తిన్నగా గారిక్ ముందుకొచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. తల్లి వంశం పేరు మధ్యలో గొంతులో నొక్కి ఆపాల్సిన శబ్దం దగ్గర ఇరుక్కుపోయాడు. మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ అక్కడే. నలభై దాటిన మనిషి, మంటల్లో కూడా చెమట పట్టని మనిషికి నుదురంతా తడిసిపోయింది.

లెనోరా వ్యాను కిటికీ జాలీకి మొహం ఆనించింది. ఆ మాట మెల్లగా పలికింది.

వెర్డెల్ అన్నాడు. తప్పు.

మళ్లీ పలికింది. మళ్లీ తప్పు. ఎవరూ నవ్వలేదు. వెనక జట్టువాళ్లు పెదాలు కదుపుతున్నారు. గారిక్ పుస్తకం మూసేసి ఎదురుచూస్తున్నాడు.

నాలుగోసారి వెర్డెల్ నోట మాట సరిగ్గా పడింది.

లెనోరా తలూపింది. వెర్డెల్ బేడీలు వెయ్యమన్నట్టు రెండు చేతులూ గారిక్ ముందుకి చాచాడు. వెనకనున్నవాడు గొంతు సవరించుకుని ఒక అడుగు ముందుకు వేశాడు.