మా ఇంట్లో పైలట్ మీటింగు

మా చెల్లి జ్యోతిర్మయి పైలట్ అవుతానంది. ఆ మాట అన్న మర్నాటికే మా ఊరు గిలకలదిండి అంతా దాన్ని "పైలట్ గారూ" అని పిలవడం మొదలుపెట్టింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! నాకైతే కడుపు మండిపోయింది. దాచుకోవడం దేనికి, అసూయే అది.

ఆదివారం మా నాన్న అంకమ్మరావు గుడివాడ నుంచి నాగభూషణరావు గారిని పిలిపించాడు. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన అన్నగారి అబ్బాయి పైలట్ కోర్సు చేశాడు. ఆయనకి కుర్చీ వేశారు. అమ్మ రొయ్యల వేపుడు పెట్టింది. అమ్మా నాన్నా జ్యోతీ ఆయన ముందు చాప మీద కూర్చున్నారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"మొత్తం మీద డెబ్భై లక్షలు అనుకోండి అంకమ్మరావు గారూ. ఆ పైన ఉద్యోగమిచ్చే కంపెనీ నడిపే విమానానికి విడిగా ట్రైనింగు. దానికి మళ్ళీ కట్టాలి," అన్నారాయన.

నాన్న ముఖం వాడిపోయింది. నాకు హాయిగా అనిపించింది.

"ముందు మెడికల్ టెస్టు చేయించండి. కంట్లోనో చెవిలోనో తేడా ఉందని ఫీజు కట్టాక తెలిస్తే డబ్బు గోవిందా. లైసెన్సొచ్చినా వెంటనే ఉద్యోగం వస్తుందని లేదు. మావాడు రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. వడ్డీ కూర్చోదు కదండీ!"

ఆయన ఒక్కో కష్టమే చెబుతుంటే నాకు ఎండలో మజ్జిగ తాగినట్టుంది. ఇంకా చెప్పండి, ఇంకా భయపెట్టండి అని లోపల దణ్ణం పెట్టుకుంటున్నాను.

"మరి విమానం పడిపోతేనండీ?" అంది అమ్మ.

"గుడివాడ నుంచి ఇక్కడికి నేను స్కూటరు మీద రావడం కంటే అది నయమమ్మా," అని నవ్వారాయన.

నాన్న కాసేపు ఆలోచించి, "పడవ అమ్మేద్దామండీ. తక్కింది లోను పెడదాం," అన్నాడు.

ఆ పడవ నడిపే సరంగుని నేనే. అది పోతే రేపట్నుంచి ఇంకొకరి పడవలో కూలికి వల లాగాలి.

"అన్నయ్య వద్దంటే వద్దు నాన్నా. నేను బీఎస్సీలో చేరిపోతా," అంది జ్యోతి. ఆ మంచి పేరు కూడా దానికే దక్కాలా? నాకు ఒళ్ళు మండింది.

"నన్ను సముద్రం మీదకి పంపేప్పుడు ఇలా కుర్చీ వేసి ఎవర్నన్నా అడిగావా నాన్నా?" అని అరిచాను. "టెన్త్ చదువుతున్నాను. పడవలో ఒక మనిషి తక్కువయ్యాడు, లేవరా శివా అన్నావు. అంతే! పడవ మునిగితేనండీ అని ఒక్కళ్ళన్నా అడిగారా?"

అరుస్తుండగానే తెలిసింది నాకు, నా ఏడుపు దేనికో. జ్యోతి కోసం ఇంతమంది కూర్చుని తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నా కోసం ఎవరూ ఒక్క నిమిషం ఆలోచించలేదు.

నాన్న తల వంచుకున్నాడు. "కూర్చుని ఆలోచిస్తే నిన్ను పంపలేనురా. అందుకే ఆలోచించలేదు."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను లోపలికొచ్చి జ్యోతి పక్కన చాప మీద కూర్చున్నాను.

"అయితే ఇప్పుడు ఆలోచించండి. పడవ అమ్మితే నేనేం చెయ్యాలి? అది తేలందే ఎవర్నీ లేవనివ్వను."

నాగభూషణరావు గారు కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "చెప్పు బాబూ. నీకేం కావాలని ఉంది?"

నోరు తెరిచాను. దేనికోసమో వెతుక్కున్నాను. జ్యోతికి ఆ జవాబు చిన్నప్పట్నుంచీ ఉంది. నాకు ఒక్కటీ తట్టలేదు.

"తొందరేం లేదురా నాన్నా, ఆలోచించుకుని చెప్పు," అంది అమ్మ, నా వీపు మీద చెయ్యి వేసి.

అందరి ముందూ భోరున ఏడ్చేశాను.